సంతకం పెట్టేవారి చేతిలో మీటరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగిన మర్నాడు వినబడే ప్రశ్నలు దాదాపు ఒకటే. అనుమతులు ఉన్నాయా, ఫైర్ ఎన్‌ఓసీ ఉందా, ఆఖరి తనిఖీ ఎప్పుడు? ‘ఈ ట్యాంకులో విషవాయువు లేదు’, ‘ఈ వెసల్ (పాత్ర) ఈ ఒత్తిడిని తట్టుకుంటుంది’ అని రాసి సంతకం పెట్టింది ఎవరు, ఏ పరికరంతో, ట్యాంకులో ఏ లోతున కొలిచి పెట్టారు అని అడిగేవారు తక్కువ. ఈ ఉత్తరం ఆ సంతకం గురించి. చట్టం ఆ మనిషిని ‘కాంపిటెంట్ పర్సన్’ అంటుంది. పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం, జీడిమెట్ల, బొల్లారం లాంటి చోట్ల ఏళ్ల తరబడి పనిచేసిన ఎమ్మెస్సీ కెమిస్ట్రీవాళ్లు, కెమికల్, మెకానికల్ ఇంజినీర్లు చాలామంది ఈ గుర్తింపుకు అర్హులే. అది ఎలా వస్తుందో, వచ్చాక పని ఎక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాం. అరకొరగా తెలిసినవారి సంతకం అసలు సంతకం లేకపోవడం కన్నా ప్రమాదం, దాన్ని నమ్మి ఒక హెల్పర్ మ్యాన్‌హోల్‌లోకి దిగుతాడు కాబట్టి.

1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు కాంపిటెంట్ పర్సన్ నిర్వచనం సెక్షన్ 2(సీఏ)గా చేరింది. గుర్తింపు ఇచ్చేది రాష్ట్ర ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యత డైరెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్‌ది. చదువు, అనుభవం, చేతిలో ఉన్న సదుపాయాలు అనే మూడింటినీ చూసి ఇవ్వాలని నిర్వచనమే చెబుతోంది. మూడోదాన్ని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. మోడల్ రూల్స్ (రాష్ట్రాల రూల్స్‌కు నమూనాగా ఇచ్చినవి) ప్రకారం అసాధారణ అనుభవం ఉన్నవారికి చదువు విషయంలో సడలింపు ఇవ్వొచ్చు గానీ, పరికరాల విషయంలో సడలింపు లేదు. డిగ్రీ గోడకు తగిలించుకుని మీటరు అద్దెకు తెచ్చుకుంటాం అనేవారికి ఈ దారి కాదు.

గుర్తింపు అన్నిటికీ కలిపి ఒకటి రాదు. సెక్షన్ వారీగా వస్తుంది. మోడల్ రూల్స్ షెడ్యూల్ చూస్తే, భవనం గట్టిదనానికి సివిల్ లేదా స్ట్రక్చరల్ డిగ్రీ, 10 ఏళ్ల అనుభవం కావాలి. సెక్షన్ 28 కింద లిఫ్టులు, హాయిస్టులకు, సెక్షన్ 29 కింద క్రేన్లు, గొలుసులు, రోపులకు 7 ఏళ్లు చాలు. సెక్షన్ 31 ప్రెజర్ ప్లాంటుకు కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లేదా మెటలర్జీ డిగ్రీతో 10 ఏళ్లు. సెక్షన్ 36 కింద ప్రమాదకర వాయువుల పరీక్షకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ లేదా కెమికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, దాంతోపాటు నమూనాలు సేకరించి విశ్లేషించడంలో, మానిటరింగ్ పరికరాల క్యాలిబ్రేషన్‌లో (తెలిసిన ప్రమాణంతో సరిచూడడంలో) 7 ఏళ్లు. సెక్షన్ 87 కిందికి వచ్చే వెంటిలేషన్ వ్యవస్థలకు మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ డిగ్రీతో 7 ఏళ్లు. ఒకేసారి నాలుగు సెక్షన్లకు దరఖాస్తు పెట్టేవారికి మా సలహా ఒక్కటే: రోజూ చేతులు మురికి చేసుకున్న పని ఏదో దానికే ముందు పెట్టండి.

దరఖాస్తు నిలబడేదీ కూలిపోయేదీ ఎక్కువగా అనుభవ పత్రం దగ్గరే. ‘ఫలానా సంస్థలో 9 ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు’ అన్న వాక్యానికి సెక్షన్ 36 కింద విలువ లేదు. ఏయే వాయువులు కొలిచారు, ఏ పద్ధతిలో, ఏ పరికరంతో, ఆ పరికరానికి క్యాలిబ్రేషన్ ఎవరు చేశారు అన్నవి అందులో ఉండాలి. పరికరాల జాబితాలో తయారీ సంస్థ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న బిల్లు, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, దాని గడువు రాయాలి. ఉద్యోగంలో ఉన్నవారైతే యాజమాన్యం అభ్యంతరం లేదని ఇచ్చిన పత్రం కూడా జతచేయడం మంచిది. మీరు ఇవ్వబోయే రిపోర్టు నమూనా ఒకటి జతచేస్తే మీకు పని తెలుసో లేదో చదివే అధికారికి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మోడల్ రూల్స్ ప్రకారం దరఖాస్తు అందిన 60 రోజుల్లో గుర్తింపు ఇవ్వాలి, లేదా కారణాలు రాసి తిరస్కరించాలి. వచ్చిన గుర్తింపు నిర్ణీత ప్రాంతానికి, నిర్ణీత కాలానికే చెల్లుతుంది. షరతులు మీరినా, పరీక్ష సరిగా చేయకపోయినా సంజాయిషీ అడిగి రద్దు చేసే అధికారం కూడా చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కే ఉంది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం వృత్తిభద్రత కోడ్‌లో కలిసిపోయింది. మారే కాలంలో పాత నిబంధనలు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. అందుకే దరఖాస్తు పెట్టేరోజున ఏ ఫారం, ఎంత రుసుము చెల్లుతున్నాయో డైరెక్టరేట్‌లో కనుక్కునే పెట్టండి. ఈ ఉత్తరంలో సెక్షన్ నంబర్లు పాత చట్టానివి. ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ అందరి నోళ్లలో ఉన్నవి అవే.

ఇక అసలు పని. సెక్షన్ 36లో ఒక మాట ఉంది, ప్రతి సర్టిఫైయరూ దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇరుకు చోటులోకి మనిషి దిగాలంటే కాంపిటెంట్ పర్సన్ ‘తాను స్వయంగా చేసిన పరీక్ష’ ఆధారంగా రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగేవాడు శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు, దానికి తాడు కట్టుకుని, తాడు కొస బయట ఒకరి చేతిలో ఉండాలి. స్వయంగా అంటే ఆఫీసులో కూర్చుని షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్లో చెప్పిన రీడింగుల మీద సంతకం చేయడం కుదరదు. ముందే సంతకం చేసి ఉంచిన పర్మిట్ పుస్తకం ఎక్కడ కనబడినా అది నేరానికి సాక్ష్యమే.

మీటరు ముట్టుకునే ముందు చూడాల్సింది ఐసొలేషన్, అంటే ట్యాంకును మిగతా లైన్ల నుంచి పూర్తిగా విడదీయడం. వాల్వు మూశాం అంటే సరిపోదు, వాల్వులు కారుతాయి. ప్రతి ప్రాసెస్ లైనుకూ బ్లైండ్ (పైపును మూసే అడ్డుపలక) వేయాలి, నైట్రోజన్ లైనైతే ఒక స్పూల్ ముక్క (పైపు ముక్క) విప్పి పక్కన పెట్టాలి. అజిటేటర్ (లోపల కలిపే యంత్రం) మోటారుకు తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో ఉండాలి. లోపలికి తీసుకెళ్లే లైటు తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా 24 వోల్టులకు మించకూడదని, మండే వాయువుకు అవకాశం ఉంటే ఫ్లేమ్‌ప్రూఫ్ లైటే వాడాలని సెక్షన్ 36ఏ చెబుతోంది. ఇవి కళ్లతో చూడకుండా గ్యాస్ పరీక్ష మొదలుపెట్టడం వృథా. ఉదయం తొమ్మిదికి సున్నా చూపిన రియాక్టర్ పదింటికి కారే వాల్వు వల్ల నిండిపోతుంది.

మామూలుగా వాడేది నాలుగు వాయువుల మీటరు: ఆక్సిజన్, మండే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. ముందు చూడాల్సింది ఆక్సిజన్. దానికి కారణం మీటరులోనే ఉంది. మండే వాయువును పసిగట్టే క్యాటలిటిక్ సెన్సరు ఆ వాయువును తనలో కాల్చి కొలుస్తుంది. కాలడానికి గాలి కావాలి. మన ఫార్మా రియాక్టర్లలో చాలావాటికి నైట్రోజన్ బ్లాంకెట్ (గాలి చేరకుండా లోపల నైట్రోజన్ నింపి ఉంచడం) ఉంటుంది. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోట సాల్వెంట్ (ద్రావణి) ఆవిరి నిండుగా ఉన్నా ఆ సెన్సరు తక్కువే చూపుతుంది, ఒక్కోసారి సున్నా కూడా చూపుతుంది. సిలికాన్ గ్రీజు, సిలికాన్ స్ప్రే ఆవిర్లు తగిలినా అది మొద్దుబారిపోతుంది. తెరమీద అంకె బాగానే వెలుగుతూ ఉంటుంది, అందుకే తెలియదు. ప్రతిరోజూ వాడేముందు తెలిసిన వాయువు చూపించి బంప్ టెస్ట్ చేయమనేది ఇందుకే. గ్యాస్ సిలిండర్ మీద గడువు చూడండి. గడువు దాటిన హైడ్రోజన్ సల్ఫైడ్ మిశ్రమంతో బంప్ టెస్ట్ చేసి ‘పాస్’ రాసుకుంటే చేయనట్టే. మీటరును సున్నాకు సెట్ చేసేది సాల్వెంట్ యార్డులో కాదు, గేటు దగ్గర శుభ్రమైన గాలిలో.

ఆక్సిజన్ మామూలు గాలిలో 20.9 శాతం. 19.5 నుంచి 23.5 మధ్య ఉంటే దిగొచ్చని వాడుకలో ఉన్న లెక్క. ఈ అంకెను గుడ్డిగా పట్టుకోవద్దు. ఆక్సిజన్ 20.9 నుంచి 19.9కి దిగిందంటే మరేదో వాయువు దాదాపు 5 శాతం, అంటే దగ్గరదగ్గర 50,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50,000) లోపలికి వచ్చి కూర్చుందని అర్థం. అది నైట్రోజనో, సాల్వెంట్ ఆవిరో తెలియకుండా మనిషిని దింపకూడదు.

మండే వాయువు రీడింగు దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎల్‌ఈఎల్‌లో (గాలిలో ఆవిరి అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో) 10 శాతం లోపు ఉంటే సరేనని చాలామంది కంఠస్థం చేశారు. టోలీన్ ఎల్‌ఈఎల్ 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం. అందులో 10 శాతం 1,100 పీపీఎం. చట్టం రెండో షెడ్యూల్‌లో టోలీన్‌కు 8 గంటల సగటు హద్దు 100 పీపీఎం. 500 పీపీఎం దగ్గరే ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క. మీటరు ‘5 శాతం, ఓకే’ అని చూపుతున్నప్పుడు మనిషి కళ్లు తిరిగి పడిపోయే గాలిలో ఉన్నాడు. పైగా ఈ మీటర్లను సాధారణంగా మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేస్తారు. టోలీన్, హెక్సేన్ లాంటి బరువైన ఆవిర్లకు అవి నిజం కన్నా తక్కువ చూపుతాయి. తయారీదారు ఇచ్చిన కరెక్షన్ ఫ్యాక్టర్‌తో గుణించి, గుణించిన అంకెనే సర్టిఫికెట్‌లో రాయాలి.

సాల్వెంట్లకు పీఐడీ మీటరు (దీపం కాంతితో ఆవిరి అణువులను అయాన్లుగా మార్చి కొలిచేది) మంచిదే, దాని హద్దు తెలిస్తేనే. ఎక్కువమంది దగ్గరుండే దీపం 10.6 ఎలక్ట్రాన్ వోల్టులది. టోలీన్, అసిటోన్, ఎంటీబీఈ దానికి కనబడతాయి. మిథనాల్‌కు 10.85 కావాలి. డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్‌కు 11.3 పైమాటే, అసిటోనైట్రిల్‌కు 12 దాటాలి. మన బల్క్ డ్రగ్ యూనిట్లలో పీపాల కొద్దీ వాడేవి ఇవే. మిథనాల్‌తో కడిగిన రియాక్టర్‌లో 10.6 దీపం పెట్టి ‘వీఓసీ (ఆవిరయ్యే కర్బన రసాయనాలు) సున్నా’ అని రాసిన సర్టిఫికెట్ చూస్తే భయం వేస్తుంది. వీటికి ఆ వాయువుకే తగిన డిటెక్టర్ ట్యూబులో, నమూనా తీసి ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రాఫో వాడాలి. అందుకే పరీక్షకు ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘ఆఖరి బ్యాచ్‌లో ఏముంది? దేంతో కడిగారు?’

కొలవడం పైన, మధ్యన, అడుగున, మూడు చోట్లా జరగాలి. లోతైన ట్యాంకైతే ప్రతి 1.2 మీటర్లకూ ఆగాలి. సాల్వెంట్ ఆవిర్లు గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటాయి. మ్యాన్‌హోల్ మూతి దగ్గర మీటరు పెట్టి తీసిన రీడింగు పైగాలిది. గొట్టం వేసి లాగుతున్నప్పుడు గాలి గొట్టమంతా ప్రయాణించడానికి కొంత, సెన్సరు స్థిరపడడానికి మరికొంత సమయం పడుతుంది. రెండూ తయారీదారు పుస్తకంలో ఉంటాయి. అంతసేపు ఆగకుండా పైకి లాగేస్తే మీరు రాసింది అడుగు రీడింగు కాదు. మామూలు రబ్బరు గొట్టాలు సాల్వెంట్‌నూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ పీల్చుకుంటాయి, టెఫ్లాన్ లైనింగ్ ఉన్నది వాడాలి.

ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) ట్యాంకులది వేరే గుణం. పైనుంచి కొలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. మనిషి దిగి అడుగున బురదలో కాలు పెట్టగానే అందులో బందీగా ఉన్న వాయువు బయటికొస్తుంది. చట్టం హద్దు 10 పీపీఎం. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి కుళ్లిన గుడ్ల వాసన కూడా తెలియదు. దిగేముందు చేసిన పరీక్ష ఇక్కడ చాలదు. దిగినవాడి ఛాతీ మీద మోగే మీటరు, ఆగకుండా గాలి తోసే బ్లోయర్, బయట శ్వాస పరికరంతో సిద్ధంగా మనిషి ఉండాలని సర్టిఫికెట్‌లో షరతుగా రాయాలి. మొదటివాడు పడిపోతే రెండోవాడు, అతని కోసం మూడోవాడు దిగి చనిపోయిన వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో పాఠకులకు తెలుసు. భోజనానికి పైకొచ్చి మళ్లీ దిగేముందు మళ్లీ కొలవాలి. పొద్దుటి సర్టిఫికెట్ మధ్యాహ్నానికి పనికిరాదు.

ప్రెజర్ వెసల్స్ విషయం కాస్త క్లుప్తంగా. మోడల్ రూల్స్ ప్రకారం 6 నెలలకోసారి బయటి పరీక్ష, 12 నెలలకోసారి లోపలి పరీక్ష, 4 ఏళ్లకోసారి హైడ్రాలిక్ పరీక్ష (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూడడం). పరీక్ష ఒత్తిడి డిజైన్ ఒత్తిడికి 1.25 రెట్లు, లేదా గరిష్ఠ పని ఒత్తిడికి 1.5 రెట్లు, రెంటిలో ఏది తక్కువైతే అది. నీళ్లు నింపేటప్పుడు ఎత్తయిన చోట వెంట్ తెరిచి గాలంతా పోనివ్వాలి. గాలి బుడగ మిగిలితే అది స్ప్రింగులా శక్తి దాచుకుంటుంది, వెసల్ పగిలితే ముక్కలు ఎగురుతాయి. రెండు గేజీలు పెట్టాలి, రెంటి క్యాలిబ్రేషన్ తేదీలూ రిపోర్టులో రాయాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ వెసల్‌లో క్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు నింపి వదిలేస్తే ఆ పరీక్షే పగుళ్లకు బీజం వేస్తుంది. గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పొర ఉన్న) రియాక్టర్‌కు జాకెట్‌నూ (వేడి, చల్లదనం ఇచ్చే బయటి తొడుగునూ) లోపలి పాత్రనూ విడివిడిగా చూడాలి. జాకెట్ మీద వెల్డింగ్ మచ్చ కనబడితే లోపల గాజు పొర సంగతి తేలేదాకా సంతకం పెట్టొద్దు. గోడ మందం కొలిచినప్పుడు చేతికి అందిన రెండు చోట్ల అంకెలు రాసి ముగించడం మరో చెడ్డ అలవాటు. అరిగేది అడుగు డిష్, నాజిల్ మెడలు, ద్రవమట్టం ఆగే గీత దగ్గర.

రాష్ట్రం ఇచ్చిన గుర్తింపుతో అన్ని వెసల్స్ మీదా సంతకం చేయకూడదు. 1,000 లీటర్లు దాటిన కంప్రెస్డ్ గ్యాస్ నిల్వ వెసల్స్ నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) పరిధిలోకి, 2016 ఎస్‌ఎంపీవీ (స్థిర, సంచార ప్రెజర్ వెసల్స్) రూల్స్ కిందికి వస్తాయి. అక్కడ హైడ్రాలిక్ పరీక్ష 5 ఏళ్లకోసారి, విషవాయువు లేదా లోహాన్ని తినే వాయువు ఉంటే 2 ఏళ్లకోసారి. ఆ గుర్తింపుకు దరఖాస్తు వేరే పెట్టుకోవాలి.

వెంటిలేషన్, దుమ్ము సంగతి చాలామందికి చిన్నదిగా కనబడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన కర్మాగారం తయారుచేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. అది విషం కాదు. గాలిలో మేఘంలా లేచి నిప్పు తగిలితే మాత్రం పేలుతుంది. సెక్షన్ 37 మండే దుమ్ము గురించి మాట్లాడేది అందుకే. డక్టులో (దుమ్మును లాగే గాలి గొట్టంలో) గాలి వేగం దాదాపు సెకనుకు 18 మీటర్లకు తగ్గితే పొడి డక్టులోనే పేరుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతోందని రాయడం వెంటిలేషన్ పరీక్ష కాదు. హుడ్ (దుమ్మును పీల్చుకునే మూతి) దగ్గర, డక్టులో, ఫిల్టరుకు ముందూ తర్వాతా కొలిచిన అంకెలు కావాలి. డక్టు మలుపుల దగ్గర మూత తీసి లోపల చూడాలి.

2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు ఆవిరి వదిలినప్పుడు కూడా కొలత ఎక్కడ ఉందన్నదే ప్రశ్న అయింది. ఉష్ణోగ్రత అడుగున చూస్తున్నారు, వేడెక్కింది పైపొరలు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. ట్యాంకు లోహం గట్టిదే కావచ్చు. మీటరు పెట్టిన చోటు తప్పయితే గట్టి ట్యాంకు కూడా ఊరిని కాపాడదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ పత్రిక ద్వారా కోరేది ఇది. కాంపిటెంట్ పర్సన్ల జాబితాను ఎవరికి ఏ సెక్షన్ కింద, ఏ తేదీ వరకు గుర్తింపు ఉందో తెలిసేలా ఎప్పటికప్పుడు తాజాగా అందరికీ కనబడేలా ఉంచండి. సర్టిఫికెట్ ఫారంలో పరికరం సీరియల్ నంబరు, క్యాలిబ్రేషన్ తేదీ, ఆ ఉదయం చేసిన బంప్ టెస్ట్ ఫలితం, మూడు లోతుల రీడింగులు, కొలిచిన గంట, నిమిషం రాసే గళ్లు పెట్టండి. గడి ఖాళీగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదని ఫారం మీదే అచ్చు వేయండి. వేరే రాష్ట్రంలో గుర్తింపు పొందినవారు ఇచ్చిన సర్టిఫికెట్ల మీద మళ్లీ పరీక్ష అడిగే అధికారం రూల్స్‌లో ఉంది, దాన్ని వాడండి. ఫీజు ఇచ్చే యాజమాన్యమే సర్టిఫైయర్‌ను ఎంచుకునే పద్ధతి ఉన్నంతకాలం, ఏటా కొన్ని సర్టిఫికెట్లను లాటరీ తీసి అధికారులు తమ మీటర్లతో మళ్లీ కొలవాలి.

ట్యాంకులోకి దిగే మనిషికి ఆ కాగితం చదివే హక్కు కూడా ఇవ్వండి. ఇప్పుడు అది ఇంగ్లిషులో, సేఫ్టీ ఆఫీసు ఫైల్లో ఉంటుంది. దిగేవారిలో శ్రీకాకుళం, విజయనగరం పిల్లలున్నారు, ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవారున్నారు. ఆక్సిజన్ ఎంత, ఏ ఆవిరి ఉంది, ఎన్ని గంటల వరకు దిగొచ్చు, కొలిచింది ఎవరు అన్న నాలుగు వరుసలు తెలుగులో, హిందీలో, ఒడియాలో పెద్ద అక్షరాలతో మ్యాన్‌హోల్ పక్కనే వేలాడాలి.

ఇట్లు,
పరిశ్రమల భద్రతా పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు ఇంజినీర్లు, కెమిస్టులు,
విశాఖపట్నం